పొయ్యి జరిపిన బండి

నేను రాసిన ఉత్తరాలకు ఇప్పటివరకు ఒక్కరూ జవాబివ్వలేదు. పాత బండ్లను క్యాంపర్ వ్యాన్లుగా మార్చి అమ్మే భాస్కర్‌కు నాలుగు రాశాను. ఆ బండ్లలో ఒకదాన్ని అతని దగ్గర మొదట కొన్న ప్రసాద్ గారికి రెండు, రవాణా కార్యాలయానికి ఒకటి. అన్నీ చేత్తో రాసి స్పీడ్ పోస్టులో పంపినవే. అందినట్టు సంతకాలు కూడా వచ్చాయి. సంతకం పెట్టే తీరిక ఉన్నవాళ్ళకు ఒక్క మాట రాసే తీరిక దొరకలేదు. పోలీసు స్టేషన్‌కు వెళ్తే అక్కడ కూర్చున్నతను, "ప్రమాదం అయ్యిందా పెద్దాయనా? కాలే గదా. అయినంక రా" అన్నాడు. ఆ మాట నేను మరచిపోను.

పాత బండ్లు పరీక్షించే పనిలోకి కొత్తగా వస్తున్న కొందరు నా అనుభవాలు రాయమని అడిగారు. రాస్తాను. కానీ చివరిదాకా చదవాలి. ఎందుకంటే నేను ఒక బండి కోసం వెతుకుతున్నాను. తెల్లబండి, నడుము చుట్టూ ఆకుపచ్చ గీత, ఒకప్పుడు బడిపిల్లల్ని తిప్పిన బండి. ఇప్పుడు అందులో గాజులు అమ్ముకునే ఒక కుటుంబం వండుకుంటోంది, నిద్రపోతోంది. పొయ్యికి గ్యాసు తెచ్చే గొట్టం లోపల ఎక్కడో కోసుకుపోతోందని నా భయం. ఆ బండి బాగుందని సంతకం పెట్టింది నేనే.

బిగించినవాడే కూర్చోవాలి

నా పేరు రాజలింగం. అల్వాల్‌లో ఉంటాను. ఇరవై రెండేళ్ళప్పుడు జీడిమెట్లలో బస్సులకు బాడీ కట్టే షెడ్డులో చేరాను. కంపెనీ నుంచి ఇంజను, చట్రం మాత్రం వస్తాయి. రేకు, కిటికీలు, సీట్లు అన్నీ మేమే కట్టాలి. మా పెద్ద మేస్త్రి యూసుఫ్ ఉస్తాద్. ఆయన చదువుకోలేదు. కానీ సుత్తితో రేకును ఒకసారి తట్టి, చప్పుడు విని, వెనక పుట్టీ ఎక్కడుందో చెప్పేవాడు.

ఆయన షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. బస్సు తయారయ్యాక మొదటిసారి రోడ్డెక్కినప్పుడు, ఎవరు బిగించిన సీట్లో వాళ్ళే కూర్చోవాలి. మెత్తగా ఉన్నచోట కాదు, వెనక చక్రాల మీద. నేను చేరిన మొదటి నెలలోనే ఆఖరి వరుస బిగించాను. మేడ్చల్ దాకా పోయి రావాలని బయల్దేరాం. గుంట రాగానే నా సీటు లేచింది, నేను దానితో పాటు లేచాను. ముందు సీటు కమ్మీకి తగిలి పెదవి చీలింది. బండి ఆపించి ఉస్తాద్ వచ్చి చూశాడు.

"ఎవడు బిగించిండు?"

"నేనే ఉస్తాద్."

"మంచిగైంది. వేరేటోడు కూసుంటె పాపం వాని మూతి పోతుండె."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కానీ ఆ తర్వాత నేను బిగించిన సీటు ఏదీ లేవలేదు. ఈ పనిలో నేను నేర్చుకున్న మొదటి పాఠం, అసలు పాఠం అదే. మీరు సరే అన్న చోట మీరు కూర్చోండి, మీరు సరే అన్న మంచం మీద మీరు పడుకోండి. ఆ తర్వాతే వేరేవాళ్ళను ఎక్కించండి.

పదిహేనేళ్ళు చేసి ఆ షెడ్డు మానేశాను. ఎందుకో చెబితే చిన్న విషయం అంటారు. యజమాని కొడుకు తన స్నేహితుడితో వచ్చి, ఉన్న ఒక్క కుర్చీలోంచి నన్ను లేపి అతన్ని కూర్చోబెట్టాడు. నన్ను పేరు పెట్టి కూడా పిలవలేదు. వేలు ఊపాడు. మర్నాటి నుంచి నేను పోలేదు. పిలవడానికి ఎవరూ రాలేదు, ఉస్తాద్ తప్ప. మా గుమ్మంలో నిలబడి, "కుర్సీ కోసం పని ఇడిసిపెడ్తవారా? నీ గుస్సా నీకే నుక్సాన్ బేటా" అన్నాడు. ఆయన మీద కూడా కోపం వచ్చి రెండేళ్ళు మాట్లాడలేదు. అప్పట్లో నష్టం నిజంగా నా ఒక్కడికే జరిగింది. తర్వాత అలా జరగలేదు, అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందు కింద పడుకోండి

షెడ్డు మానేశాక పాత బండ్లు కొనేవాళ్ళకు బండి చూసిపెట్టే పని పట్టుకున్నాను. బండి చూసి, ఏం బాగుంది, ఏం బాగాలేదు ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తాను. కింద నా ఫోన్ నెంబరు ఉంటుంది. మోకాళ్ళు పోయేదాకా ఇదే నా బతుకు.

క్యాంపర్ వ్యాన్ అనే మాట మావైపు ఈమధ్యే వినబడుతోంది. పాత అంబులెన్సో బడిబండో కొని, లోపల మంచం, గట్టు, సింకు, పొయ్యి పెట్టి అమ్ముతారు. కొనేవాళ్ళు నేరుగా లోపలికి ఎక్కి, పరుపు నొక్కి, చిన్న దీపాలు వేసి ఆర్పి ముచ్చటపడతారు. అమ్మేవాడికి కావలసింది అదే. నేను చెప్పేదేమిటంటే, మొదటి గంట లోపలికి ఎక్కకండి. చాప వేసుకుని బండి కింద పడుకోండి. టార్చిలైటు, స్క్రూ డ్రైవరు, చిన్న అయస్కాంతం ఉంటే చాలు. అడుగు రేకును స్క్రూ డ్రైవరుతో పొడవండి. దిగబడితే లేచి ఇంటికి వెళ్ళిపోండి. కొత్తగా నల్లరంగు వేసి ఉంటే ఇంకా గట్టిగా పొడవండి. అంబులెన్సుల్లో రోజూ కడిగిన నీళ్ళన్నీ స్ట్రెచర్ బోల్టుల దగ్గర దిగి అడుగు తినేస్తాయి. బడిబండ్లలో సీట్లు పీకిన చోట రంధ్రాలు ఉంటాయి, వాటిని పుట్టీతో పూడ్చి పైన చాప అంటిస్తారు. రేకు ఉన్నచోట అయస్కాంతం పట్టుకుంటుంది, పుట్టీ ఉన్నచోట జారిపోతుంది.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. అల్వాల్‌లో ఒక పళ్ళ డాక్టరు గారు అంబులెన్సును మార్చిన బండి కొనాలనుకున్నారు. మండుటెండలో చూశాను. అడుగు బాగుంది, ఇంజను బాగుంది, సరే అన్నాను. వానలు మొదలయ్యాక ఫోన్ చేశారు. "రాజలింగం గారూ, మీరు ఎండాకాలంలో చూశారు. నేను వానాకాలంలో పడుకున్నాను" అన్నారు. పైకప్పులో ఫ్యాను కోసం కోసిన చోట నుంచి నీళ్ళు దిగి, ప్లైవుడ్ ఉబ్బి, మంచం పెట్టె తలుపు తెరుచుకోవడం లేదట. అప్పటినుంచి ఏ నెలైనా సరే, నల్లా పైపు పెట్టి పావుగంట కప్పు మీద నీళ్ళు కొట్టిస్తాను. తర్వాత మూలల్లో ప్లైవుడ్‌ను బొటనవేలితో నొక్కి చూస్తాను. ఆ డాక్టరు గారు మళ్ళీ నన్ను పిలవలేదు. దారిలో ఎదురుపడితే తల తిప్పుకుంటారు. ఆయన తల తిప్పుకోవడం న్యాయమే, కానీ నాకు గుర్తుంది.

బరువు సంగతి చాలామంది పట్టించుకోరు. మేడ్చల్ హైవే మీద లారీలు తూచే కాటాలు ఉన్నాయి. నీళ్ళ ట్యాంకు నింపి, సిలిండరు పెట్టి, ఎక్కేవాళ్ళందరినీ ఎక్కించి తూయించండి. ముందు చక్రాలు విడిగా, వెనక చక్రాలు విడిగా. షెడ్డువాళ్ళు ట్యాంకు ఖాళీగా ఉంచి తూచి చూపిస్తారు. ఒకసారి ఒక షెడ్డాయన, "నీళ్ళకు గూడ బరువుంటదా అన్నా" అని నన్ను వెక్కిరించాడు. రెండు బిందెలు ఎత్తుకుని అటు చివరిదాకా నడువమన్నాను. నడవలేదు. ట్యాంకు, మంచం, బ్యాటరీ అన్నీ ఒకేవైపు పెట్టిన బండి మలుపులో ఒరుగుతుంది. వెనక నిలబడి చూస్తే ఒక భుజం వంగినట్టు కనిపిస్తుంది.

ఫ్రిజ్ ఒక గంట నడిపి, బ్యాటరీ నుంచి వచ్చే తీగను చేత్తో పట్టుకోండి. వేడిగా ఉంటే తీగ సన్నదని అర్థం. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. వెనక తలుపుకు మంచం అడ్డం వస్తే, బయటపడటానికి ఇంకో దారి ఉందో లేదో చూడండి. ఆర్‌సీ గురించి ఎక్కువ రాయను. బండి లోపల చేసిన మార్పు అందులో ఎక్కాలి, లేకపోతే బీమావాళ్ళు చేతులు దులుపుకుంటారు. అమ్మగానే పేరు మారాలి. ఈ రెండో ముక్క ఎందుకు చెబుతున్నానో ముందుముందు తెలుస్తుంది.

ఇక గ్యాసు. వంటగ్యాసు గాలి కంటే బరువు. పొగలాగా పైకి పోదు, నీళ్ళలాగా కిందికి దిగి మూలల్లో నిలుస్తుంది. కాబట్టి సిలిండరు పెట్టె లోపలివైపు పూర్తిగా మూసి ఉండాలి, దాని అడుగున బయటికి రంధ్రం ఉండాలి. పొయ్యి ఆ పెట్టె పక్కనే ఉండాలి. రబ్బరు గొట్టం పొట్టిగా, కంటికి కనబడేలా ఉండాలి. గొట్టం రేకులోంచి పోవలసి వస్తే ఆ రంధ్రం అంచుకు మందపాటి రబ్బరు రింగు వేయాలి. లేకపోతే బండి కుదిపిన ప్రతిసారీ రేకు అంచు కత్తిలా గొట్టాన్ని కోస్తుంది. అది ఒక్కరోజులో తెగదు. అందుకే ఎవరికీ కనబడదు.

తలుపులు మూసి అరగంట

అన్నీ చూశాక నేను చేసే ఆఖరి పని ఒకటుంది. ఉస్తాద్ సీటు పద్ధతి లాంటిదే. అందరినీ దూరంగా పొమ్మని, పొయ్యి వెలిగించి ఆర్పి, తలుపులు కిటికీలు మూసి, ఆ మంచం మీద అరగంట పడుకుంటాను. చప్పుళ్ళు వింటాను, వాసన చూస్తాను. ఎక్కడ చెమ్మ ఉందో, ఏ మూల వేడెక్కుతోందో ఒంటికి తెలుస్తుంది. బయట నిలబడ్డవాళ్ళు, "ముసలాయన నిద్రపోయిండు" అని నవ్వుకుంటారు. నేను ఎప్పుడూ నిద్రపోలేదు.

ఆ అరగంటలు చాలా గడిచాయి నా జీవితంలో. కొత్త ప్లైవుడ్ వాసన, కొత్త పరదాలు. ఈ మంచం మీద పడుకుని ఎవరో ఎక్కడికో పోతారు అనుకునేవాణ్ణి. నా భార్య అనసూయ ఉన్న రోజుల్లో సాయంత్రం ఇంటికి వెళ్ళి, బండి లోపల ఏ రంగు పరదాలున్నాయో, సింకు ఎంత చిన్నదో చెబితే వినేది. "గంత చిన్న దాంట్ల పప్పు గిన్నె పడుతదా?" అని అడిగేది. ఆమె పోయాక చూసిన బండ్ల గురించి అడిగేవాళ్ళు లేరు. కొన్నవాళ్ళు కొనేదాకా రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేస్తారు. కొన్నాక చేయరు. ఇన్నేళ్ళలో, ఫలానా చోటికి వెళ్ళామని, బండి బాగా నడిచిందని ఒక్కరూ చెప్పలేదు. కొత్తవాళ్ళు ఇది తెలుసుకుని ఈ పనిలోకి రండి. మీ గురించి గుర్తొచ్చేది చెడిపోయినప్పుడే.

శామీర్‌పేట కాలనీలో

ఆ తెల్లబండిని మేడ్చల్‌లో భాస్కర్ షెడ్డులోనే చూశాను. రెండు రోజులు చూశాను. నిజంగా బాగా చేశాడు. పొయ్యి వెనక ఎడమ మూలన ఉంది, సిలిండరు పెట్టె దాని పక్కనే. గొట్టం జానెడు. పెట్టె అడుగున రంధ్రం ఉంది. అరగంట పడుకున్నాను. తప్పు దొరకలేదు.

కొంటున్నది ప్రసాద్ గారు, వాణి గారు. భీమవరం వైపు వాళ్ళు, శామీర్‌పేట దగ్గర కొత్త కాలనీలో ఇల్లు. ప్రసాద్ గారిది బ్యాంకులో పెద్ద ఉద్యోగం. బండి ఇంటికి వచ్చిన రోజు పూజ పెట్టుకున్నారు, కాగితం అక్కడికే తెచ్చిమ్మన్నారు. గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను పనివాళ్ళ పుస్తకంలో రాయించి, వెనక గేటు చూపించాడు. లోపల ప్రసాద్ గారు బంధువులకు నన్ను, "మన మెకానిక్" అని పరిచయం చేశారు. నేను మెకానిక్‌ను కాను. కాగితం ఇచ్చాను. ఆయన చదవకుండా మడిచి జేబులో పెట్టుకున్నారు.

చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి, కొబ్బరికాయ కొట్టారు. పూజ చేయించిన సిద్ధాంతి గారు బండి చుట్టూ ఒకసారి తిరిగి లోపలికి తొంగిచూశారు. బండి నిలిపే చోట దాని ముఖం దక్షిణానికి ఉంది.

"అయ్యయ్యో, పొయ్యి సరిగ్గా ఈశాన్యంలో పడిందండీ" అన్నారాయన.

వాణి గారి ముఖం మాడిపోయింది. "ఏవండీ, నేను ముందే చెప్పాను కదా, చూపించుకుని కొందామని."

"ఇప్పుడేం చెయ్యాలండీ?" అని ప్రసాద్ గారు అడిగారు.

"ఆగ్నేయానికి మార్చుకోండి. ఇదిగో, ఈ ముందు మూల, తలుపు పక్కన. అక్కడ పెడితే మీకు తిరుగుండదు."

భాస్కర్ అక్కడే ఉన్నాడు. "గదెంత పని సార్. పొయ్యి ముంగటికి జరిపి, మంచం కిందికెళ్ళి పైపు పొడుగు జేస్తె అయిపాయె. రెండ్రోజులల్ల ఇస్త" అన్నాడు.

బండి కాలనీ గేటు దాటి మొదటి మలుపు తిరగ్గానే ఆ ఆగ్నేయం ఏ దిక్కుకు పోతుందో అక్కడున్న ఒక్కరికీ తట్టలేదు. ఇల్లు కదలదు కాబట్టి దిక్కులు కదలవు. చక్రాలున్న ఇంటికీ అదే లెక్క వేశారు. అది వాళ్ళ నమ్మకం, దాంతో నాకు పేచీ లేదు. కానీ మంచం కింద, కంటికి కనబడకుండా, రేకు కోసి మనిషి పొడుగున గొట్టం తీసుకుపోవడం నమ్మకం కాదు. అది పని. దాని గురించి చెప్పాల్సింది నేను.

"గొట్టం పొడుగు చేస్తే..." అని మొదలుపెట్టాను.

"రాజలింగం గారూ, మీ పని అయిపోయింది కదండీ. టీ తాగి వెళ్ళండి" అన్నారు ప్రసాద్ గారు. కసురుకోలేదు. మర్యాదగానే అన్నారు. అదే నన్ను ఎక్కువ పొడిచింది. సిద్ధాంతి గారికి కుర్చీ వేసి గాజు కప్పులో టీ ఇచ్చారు. భాస్కర్‌కూ గాజు కప్పే. నాకు కాగితం కప్పు వచ్చింది, నిలబడి తాగడానికి.

ఆ కప్పును గోడ మీద పెట్టి, తాగకుండా వచ్చేశాను. ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. గొట్టాన్ని లోహపు పైపులోంచి తీయించండి, రంధ్రానికి రబ్బరు రింగు వేయించండి, పని అయ్యాక నన్ను పిలవండి అని. కనీసం నా కాగితం వెనక్కి అడిగి తీసుకుని ఉండాల్సింది. ఏదీ చేయలేదు. నా పని అయిపోయిందన్నారు కదా, అయిపోయింది అనుకున్నాను. బస్సు కోసం నిలబడ్డంతసేపూ ఆ కప్పు గురించే ఆలోచించాను. గొట్టం గురించి ఆలోచించలేదు.

ఇది చదివే పిల్లలకు చెబుతున్నాను. కాగితం మీద తేదీ వేయండి. పొయ్యి ఎక్కడుందో, గొట్టం ఎంతుందో బొమ్మ గీయండి. 'ఇందులో ఏది జరిపినా ఈ కాగితం చెల్లదు' అని పెద్ద అక్షరాలతో రాయండి. నేను రాయలేదు. మిమ్మల్ని అవమానించినవాళ్ళకు మరింత వివరంగా చెప్పండి, ఎందుకంటే వాళ్ళకు చెప్పకుండా ఉండటానికే మీకు మనసొప్పుతుంది.

ఆ ఫోన్

కొన్ని నెలల తర్వాత ఒక మధ్యాహ్నం తెలియని నెంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆడమనిషి గొంతు.

"రాజలింగం సారేనా? మీరు నన్నెరుగరు సార్. గీ తెల్లబండి, పచ్చగీత బండి మీరే చూసిన్రంట గదా. కాయితంల మీ పేరు, నెంబర్ ఉన్నయి."

"ఆ కాయితం మీకెవరిచ్చిన్రు?"

"భాస్కర్ సార్ ఇచ్చిండు. ఆయన కాడనే కొన్నం. మేం జాతరలకు తిరుగుతం సార్, గాజుల దుకాణం. బండ్లనే వండుకుంటం, బండ్లనే పండుకుంటం. మీ సంతకం జూసే ధైర్నంగ తీసుకున్నం."

"అది మీ పేరు మీద రాసింది గాదు. నన్నడగకుంట ఎట్లిస్తడు? నా సంతకం ఏమన్న రోడ్డు మీద పడ్డదా?"

"గవన్ని నాకు తెల్వదు సార్. జర వాసనొస్తాంది, మంచం కాడ. బండి కొత్తగున్నప్పుడు గట్లనే ఉంటదా అని..."

"మొదలు నేనడిగిందానికి జెప్పు. నకలిచ్చిండా, అసలు కాయితమిచ్చిండా?"



"పోనీ తియ్యి సార్. మీరు గరమైతున్నరు. భాస్కర్ సార్‌నే అడుగుత" అని పెట్టేసింది.

ఆమె ఫోన్ పెట్టేశాకే, వాసన అన్న మాట నా చెవికి ఎక్కింది. వెంటనే చేశాను. మోగింది, ఎత్తలేదు. ఇంకోసారి చేశాను, కట్ చేసింది. సాయంత్రం చేస్తే స్విచ్చాఫ్. ఆ రోజు నుంచి స్విచ్చాఫే. ఆమె పేరు కూడా అడగలేదు నేను. పొయ్యి ఆర్పారా అని అడగలేదు. నా సంతకం సంగతి అడిగాను.

యాదికి లేదు

మర్నాడు పొద్దున్నే మేడ్చల్ వెళ్ళి భాస్కర్ షెడ్డులో నిలబడ్డాను. అతను ఇంకో బండికి పరదాలు వేయిస్తున్నాడు.

ప్రసాద్ గారు మూడు నెలలకే బండిని అతనికి తిరిగి ఇచ్చేశారట. కాలనీలో ఇంత పొడుగు బండి నిలపకూడదని సంఘం వాళ్ళు గొడవ చేశారట. బండితో పాటు నా కాగితం కూడా తిరిగి వచ్చింది. భాస్కర్ అదే కాగితం పెట్టి గాజులవాళ్ళకు అమ్మాడు.

"పైపు రేకులకెళ్ళి తీసినవా?" అని అడిగాను.

"అవు. బొక్క జేసి తీసినం. ఏమైతది?"

"రబ్బరు రింగేసినవా?"

అతను పరదా వంకే చూస్తూ, "యాదికి లేదన్నా" అన్నాడు.

"యాదికి లేదంటె ఎట్ల? ఆమె నీకు ఫోన్ జేసిందా? వాళ్ళ ఇల్లెక్కడ? ఇంకో నెంబర్ ఉందా?"

"చేసిందేమో. దినాం వందమంది జేస్తరు. అన్నా, ఒకటి జెప్పు. కాయితం నేను రాసిన్నా, నువ్వు రాసినవా? పొయ్యి జరుపుతున్నమని తెలిసి గూడ నోరు మూసుకొని పోయినవ్ గదా. గోడ మీద చాయ్ ఇడిసిపెట్టి పోయినవ్. నేను జూసిన."

అతనన్నది అబద్ధం కాదు.  కానీ నా తప్పు చెప్పినంత మాత్రాన అతని తప్పు తీరిపోదు. నేనడిగిన దానికి అతను ఇప్పటికీ జవాబు చెప్పలేదు.

బండి నెంబరు నా దగ్గర ఉంది కాబట్టి రవాణా కార్యాలయానికి వెళ్ళాను. ఆర్‌సీ ఇంకా ప్రసాద్ గారి పేరునే ఉంది, ఆయన్నే అడగమన్నారు. కాలనీ గేటు దగ్గర మళ్ళీ పనివాళ్ళ పుస్తకంలో రాశాను. ఈసారి దానికి బాధపడలేదు. వాచ్‌మన్ లోపలికి ఫోన్ చేసి, సార్ ఇంట్లో లేరన్నాడు. మూడుసార్లు వెళ్ళాను, మూడుసార్లూ లేరు. ప్రసాద్ గారూ, ఆ బండికి ఏమైనా జరిగితే పోలీసులు మొదట వచ్చేది మీ ఇంటికే. అది నేను బెదిరించడం కాదు, ఆర్‌సీలో ఉన్న మాట.

తర్వాత నాకు తోచింది ఒకటే. గాజులవాళ్ళు జాతరలకు వస్తారు. కాబట్టి జాతర ఎక్కడ జరిగినా వెళ్తున్నాను. పొద్దున అల్వాల్‌లో బస్సెక్కి, దిగి, బండ్లు నిలిపే చోటంతా కర్ర పట్టుకుని తిరుగుతాను. తెల్లబండి కనబడగానే దగ్గరికి పోతాను. గీత ఎర్రగా ఉంటుంది, లేదా ఉండదు. దేవరయాంజాల్ గుడి దగ్గర ఉత్సవానికి వెళ్ళినప్పుడు గాజుల దుకాణాలన్నిటి దగ్గరా అడిగాను. ఒక ముసలామె గాజుల దండలు సర్దుతూ నన్ను ఎగాదిగా చూసింది.

"తెల్లబండోళ్ళా? నిరుడు మా పక్కకే దుకాణం పెట్టిన్రు. అప్పుడు బండి లేకుండె వాళ్ళకు, తర్వాత తీసుకున్నరంట. ఈ ఏడు రాలే."

"ఎందుకు రాలే అవ్వా?"

"నాకేం ఎరుక. వాళ్ళు నీకేమైతరు?"

"ఏమీ కారు."

"ఏం గాకుంటె గీ ఎండల ఎందుకు తిరుగుతున్నవ్?"

 ఆమె పక్కకు జరిగి, నీడలో కూర్చోమని ఒక గోనెసంచి పరిచింది. చాలాసేపు కూర్చున్నాను. ఇంటికి వెళ్ళినా మాట్లాడేవాళ్ళు లేరు కాబట్టి తొందర లేకపోయింది. ఆమె గాజులు అమ్ముకుంది, నేను వచ్చే పోయే బండ్లను చూశాను.

జవాబు కావాలి

భాస్కర్, నిన్ను అడిగేది ఒకటే. రింగు వేశావా, వేయలేదా? యాదికి లేదంటే నీ దగ్గర పనిచేసిన వెల్డరును అడుగు. వాళ్ళ చిరునామా నీ రసీదు పుస్తకంలో ఉంటుంది, తీసి ఇవ్వు. నా మీద నీకున్న కోపం తర్వాత తీర్చుకో.

జాతరల్లో తిరిగేవాళ్ళు, హైవే మీద బండ్లు కడిగేవాళ్ళు, టైర్ల దుకాణాలవాళ్ళు, ఎవరైనా సరే. ఆకుపచ్చ గీత ఉన్న తెల్లబండి కనబడితే ఆపి ఈ కాగితం చదివి వినిపించండి.

అమ్మా, మీ పేరు నాకు తెలియదు. ఇది మీదాకా వస్తే ముందు సిలిండరు రెగ్యులేటరు కట్టేయండి. పిల్లలుంటే కిందికి దింపండి. రెండు తలుపులూ తెరవండి. దీపం స్విచ్చు వేయకండి, ఆర్పకండి, అగ్గిపుల్ల గీయకండి, దేవుడికి కర్పూరం కూడా వెలిగించకండి. మంచం కింద చెక్క తీసి, గొట్టం రేకులో దూరే చోట చూడండి. కోత పడి ఉంటే ఆ పొయ్యి మళ్ళీ వాడకండి. నేను వచ్చి చూస్తాను. మోకాళ్ళు సహకరించకపోయినా ఆ మంచం కింద దూరగలను. బాగు చేసి, తలుపులు మూసి, ముందు నేను పడుకుంటాను.

నన్ను తిట్టదలచుకుంటే తిట్టండి. ఈసారి మధ్యలో మాట్లాడను. మీరు ఆ రోజు అడిగిన దానికి నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. కొత్త బండికి అలా ఉండదమ్మా, ఉండకూడదు. నేను అడగాల్సింది ఇప్పుడు అడుగుతున్నాను, దీనికి మీరు జవాబు చెప్పి తీరాలి. వాసన ఇంకా వస్తోందా?